దొర తలుపు దగ్గర పాము

పళ్ళాయనకి ఓపిక ఎక్కువని ఆ వీధిలో అందరూ ఒప్పుకుంటారు. పళ్ళు కట్టడం డాక్టర్ల పనైతే, ఆ కట్టే పళ్ళని తయారు చెయ్యడం ఈయన పని. మేడ మెట్ల కింద చిన్న గది, గదిలో ఒక బల్ల, బల్ల మీద ప్లాస్టర్ అచ్చులు, మైనం ముద్దలు, సన్నటి ఆకురాళ్ళు, పక్కనుంచి వెలుగు పడేలా మెడ వంచిన దీపం. డాక్టర్లు పంపిన దవడల అచ్చులన్నీ ఆ బల్ల మీద నోళ్ళు తెరుచుకుని ఆయన కోసం ఎదురుచూస్తుంటాయి. సెట్టు పూర్తయ్యాక పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య నీలం కాగితం పెట్టి నొక్కుతాడు. రంగు ఎక్కడ ముద్దగా అంటుకుంటే అక్కడ పన్ను ఎత్తుగా ఉన్నట్టు. కాస్త అరగదీసి మళ్ళీ నొక్కుతాడు, మళ్ళీ చూస్తాడు. బాగా చూడకుండా ఒక్క సెట్టు కూడా ఆయన చేతిలోంచి బయటికి పోలేదు. అంత చూపున్న మనిషి ఒక్క ఆదివారం చూడకుండా చేసిన పనేమిటో చెప్పుకోవాలి.

ఆయనకి ఒక చెల్లెలుంది. ఇంట్లో అందరూ చిట్టి అనేవాళ్ళు, పెళ్ళయ్యాక కూడా ఆ పేరు మారలేదు. ఊరికి ఆ చివర ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. "మా ఇంట్లో ఒకడు పళ్ళు చూసుకుంటాడు, ఒకతె కళ్ళు చూసుకుంటుంది, ఇంక ముసలితనమంటే నాకు భయమేంటి?" అని వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. ఎవరూ నవ్వకపోతే తనే నవ్వేవాడు.

ఈ అన్నాచెల్లెళ్ళకి ఒక ఆట ఉంది. చిట్టి తొమ్మిదేళ్ళప్పుడు కాలు విరిగి, తొడ దాకా సిమెంటు కట్టుతో మంచం మీద పడుంటే, పొద్దుపోక ఇల్లు పీకి పందిరేస్తుంటే, అన్న కంప్యూటరు మంచం దగ్గరికి జరిపి నేర్పాడు. కొండని తొలిచి లోపల బతికే జనం ఆట. బొమ్మలు చూస్తే చిన్నపిల్లల వ్యవహారంలాగే ఉంటుంది కానీ లోపల లెక్క మాత్రం మహా గట్టిది. ఒక్కో మనిషికీ ఒక్కో బుద్ధి. ఒకడికి చీకటంటే భయం, ఒకామెకి మేకలంటే ప్రాణం. ఆకలేస్తే విసుక్కుంటారు, ఆప్తులు పోతే పని మానేసి గోడకేసి కూర్చుంటారు. మనం రాజ్యమేలడమే తప్ప వాళ్ళ మనసుల్ని ఏలలేం. అన్న తనకని ఒక మనిషిని పెట్టుకుని వాడికి దొర అని పేరు పెట్టాడు. అప్పటికే కొంచెం దొరతనం ఉండేది ఆయనకి. చెల్లెలు తన మనిషికి చిట్టి అనే పెట్టుకుంది. ఆ బొమ్మ చిట్టి కొండలో పశువుల్ని సాకేది.

ఒక ఏడాది అన్న ఏలుబడి, మరుసటి ఏడాది చెల్లెలి ఏలుబడి. ఏడాదంటే ఆటలో ఏడాది. తమ వంతు ముగిశాక ఆ లోకాన్నంతా ఒక ఫైలుగా రెండోవాళ్ళకి అప్పజెప్పాలి. చిన్నప్పుడు కుర్చీలోంచి లేచి కుర్చీ ఇవ్వడమే అప్పజెప్పడం. పెద్దయ్యాక, వేరే ఇళ్ళకి వెళ్ళాక, మెయిల్లో పంపుకోవడం.

దీనికి అన్నగారు రెండు రూళ్ళు పెట్టాడు. మొదటిది, చెప్పకూడదు, చూసుకోవాలి. తన వంతులో ఏం కట్టారో, ఏం దాచారో, ఏ గొయ్యి ఎక్కడ తవ్వారో రెండోవాళ్ళకి ఒక్క ముక్క చెప్పకూడదు. వచ్చినవాళ్ళే తిరిగి చూసి తెలుసుకోవాలి. అందులోనే మజా ఉందనేవాడు. రెండోది, జరిగింది జరిగిందే. నచ్చలేదని పాత ఫైలు తెరిచి వెనక్కి పోకూడదు. ఒకసారి బొమ్మ చిట్టి పెంచుకునే మేకపిల్ల బావిలో పడి చస్తే, అసలు చిట్టి కట్టుకాలు మంచానికేసి కొట్టుకుంటూ ఏడ్చింది. ఒక్కసారి వెనక్కి వెళ్దాం అన్నయ్యా, బావి మీద మూత పెట్టేసి వచ్చేద్దాం అని బతిమాలింది. "ఆటే కదరా, వెనక్కి తిప్పితే నీ సొమ్మేం పోయింది?" అని వాళ్ళమ్మ కూడా కేకలేసింది. ఆయన వింటేనా? రూలంటే రూలే అన్నాడు.

అలా ఇద్దరికీ తలలు నెరిసే దాకా ఆ రాజ్యం సాగింది. మధ్యలో ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, నాన్న పోవడం, అమ్మ పోవడం అన్నీ జరిగాయి. ఆట మాత్రం ఆగలేదు. ఆగింది ఒక్క మాటతో.

చిట్టి కాపురం చెడి, బట్టల సంచీతో అన్న ఇంటికొచ్చింది. వారం గడిచింది. ఒక పూట భోజనాల దగ్గర ఆయన తన ధోరణిలో, "కొంచెం సర్దుకుపోయి ఉంటే బాగుండేది" అన్నాడు. చిట్టి అసలే పుండు మీదున్న మనిషి. "సర్దుకుపోవడం గురించి నువ్వు చెప్పకు. వదిన సర్దుకుపోతోంది కాబట్టి నీ కాపురం నిలబడింది" అంది. మాట నిజం కాబట్టి మండింది. అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాడు. కంచం ముందు కూర్చునే, గొంతు కూడా పెంచకుండా, "నీ నాలుక మీద విషముంది. అందుకే నీ దగ్గర ఎవరూ నిలవరు" అన్నాడు.

చిట్టి ఏడవలేదు. అన్నం పూర్తిగా తింది, కంచం కడిగి బోర్లించింది, సంచీ తీసుకుంది. వదిన గుమ్మం దాకా వెళ్ళి చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంది. అప్పట్నుంచి దుకాణం దగ్గరే ఒక గది అద్దెకి తీసుకుని ఉంటోంది. వదినతో ఫోన్లో మాట్లాడుతుంది. ఆ ఫోన్ మోగితే చాలు పళ్ళాయనకి మెట్ల కింద గదిలో ఏదో పని గుర్తొచ్చేది. తప్పు తనదేనని తెలియక కాదు. ఇవాళ కాదులే రేపు మాట్లాడదాం, ఈ నెల కాదులే వచ్చే నెల అనుకుంటూ రెండేళ్ళు దొర్లించేశాడు. ఆట కూడా చిట్టి వంతు దగ్గరే ఆగిపోయింది. అడగడానికి మొహం చెల్లలేదు ఆయనకి.

ఒక ఆదివారం పొద్దున మెయిల్లో ఆ ఫైలు వచ్చింది. ఒక్క అక్షరం రాయలేదు, ఉత్త ఫైలు. పళ్ళాయన పంపినవాళ్ళ పేరు రెండుసార్లు చూసుకున్నాడు. చెల్లెలు తన ఏడాది ఏలి, రాజ్యం తనకి పంపింది. భార్యకి కూడా చెప్పకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నిజం చెప్పొద్దూ, అప్పటికి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా.

ముందు పొలాలు చూశాడు, బాగున్నాయి. కొలిమి చూశాడు, కొత్త కప్పు వేయించింది. వంటగది పక్కన నీళ్ళ కాలువ తెప్పించింది. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ దొర గది వైపు వచ్చాడు.

ఆ గదికి ఒక చరిత్ర ఉంది. పళ్ళాయన తన కిందటి ఏలుబడిలో ఖరీదైన నల్లరాయి మీద ఆశకొద్దీ లోతుగా తవ్వించి, అడుగున ఉన్న గుహకి బొక్క పొడిచాడు. ఏవేవో పైకి పాకి రావడం మొదలైంది. తోచిన చెక్కలడ్డం పెట్టి, మిగతాది చెల్లెలు చూసుకుంటుందిలే అని వంతు ముగించేశాడు. ఆ గుహలోంచి వచ్చే నడవా సరిగ్గా దొర గది తలుపు దగ్గరికే వస్తుంది.

ఇప్పుడా తలుపు ముందు ఒక పాము ఉంది.

ఆటలో అన్నిటికన్నా భయపెట్టేవి ఆ మహానాగాలే. నడవా అంత లావు, ఏనుగుని చుట్టేసే పొడుగు. కాటు పడితే ముందు కాలు మొద్దుబారుతుంది, తర్వాత ఒళ్ళంతా ఉబ్బుతుంది, ఆఖరికి ఊపిరి ఆగుతుంది. అదంతా ఆట మెల్లగా, వివరంగా చూపిస్తుంది, దాని తద్దినం. ఇంతకుముందు ఒక్క మహానాగం లోపలికొస్తే సగం ఊరు ఖాళీ అయింది. అలాంటిది దొర గది గడప మీద తోక పెట్టి, నడవా పొడుగునా చుట్టలు చుట్టుకుని, తల గుహ వైపు పెట్టి పడుకుంది. ఒళ్ళంతా ఆకుపచ్చ, మెడ దగ్గర మాత్రం పసుపు.

పళ్ళాయన చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. నాలుక మీద విషం అన్నాడు కదా. అదిగో విషం, నీ గుమ్మంలోనే పెట్టాను, తీసుకో అంటోంది చెల్లెలు. రెండేళ్ళు మాట్లాడకుండా ఉండి, రెండేళ్ళు కూడబెట్టి పంపిన జవాబు ఇది అనుకున్నాడు. కాసేపటి క్రితం తిరిగిన నీళ్ళు తల్చుకుని తన మీద తనకే చిరాకేసింది.

ఆ ఆటలో ఏ ప్రాణి మీదైనా మౌసు పెట్టి 'చూడు' అన్న మీట నొక్కితే దాని పుట్టుపూర్వోత్తరాలు మొత్తం వచ్చేస్తాయి. ఎక్కడ పుట్టింది, ఏం తింటుంది, ఎవరి మాట వింటుంది, అన్నీ. చిట్టికి ఆ మీట నొక్కడం నేర్పిందీ ఆయనే. కానీ ఆ రోజు నొక్కలేదు. పామును చూసి పాము అనుకోడానికి మీట నొక్కాలా ఏంటి?

సైనికుల్ని పిలిచాడు. ఈటెలవాళ్ళని నడవాకి ఆ పక్కనా ఈ పక్కనా నిలబెట్టి, వెనక విలుకాళ్ళని పెట్టి, బోలెడు ముందుజాగ్రత్తలతో మీదకి తోలాడు. ఎంతమంది పోతారో అని పళ్ళు బిగబట్టి చూస్తున్నాడు. ఒక్కరు కూడా పోలేదు. పాము ఒక్కర్ని కూడా కరవలేదు. ఈటె దిగినప్పుడల్లా తల వెనక్కి లాక్కుని ఇంకా దగ్గరగా చుట్టుకుంది తప్ప నోరు తెరవలేదు. చివరికి దొర తలుపుకి ఆనుకుపోయి, అక్కడే కదలడం మానేసింది. ఇదంతా తన వ్యూహం గొప్పతనమని పళ్ళాయన అనుకున్నాడు. ఇంతేనా నీ ప్రతాపం అని పైకే అన్నాడు.

అప్పుడే నడవాలో ఒక చిన్న బొమ్మ మనిషి చేతిలో మాంసం ముక్కల గిన్నెతో పరిగెత్తుకొచ్చి ఆగిపోయింది. ఎవరో పని మీద పోతోందనుకున్నాడు.

ఇంక ఆ ఏడాది మీద ఆయనకి మనసు లేదు. కాలాన్ని గబగబా పరిగెత్తించాడు. తెర మూలలో ఎర్ర అక్షరాల్లో ఏవో కబుర్లు వస్తుంటే చదవకుండా మూసేశాడు. నాలుగైదు సాయంత్రాల్లో విత్తనాలు, కోతలు, చలికాలం అన్నీ అయిపోయాయి. మామూలుగా అయితే రెండు మూడు నెలలు తీరిగ్గా, ముద్దుగా ఆడే మనిషి. ఆ శుక్రవారం పొద్దున్నే, చెల్లెలు రాయలేదు కాబట్టి తనూ ఒక్క ముక్క రాయకుండా, ఫైలు తిప్పి పంపేసి మెట్ల కింద గదిలోకి వెళ్ళి మైనం కరిగించుకున్నాడు. కడుపు చల్లబడింది అనుకున్నాడు.

మధ్యాహ్నం పైకి వచ్చేసరికి భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. చొక్కా కాలర్ మీద పెట్టె నడుపుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఏమండీ, చిట్టి మీకేదో పంపిందట కదా? పాముని చూశారా?"

"నీకెవరు చెప్పారు పాము గురించి?"

"ఎవరు చెప్తారు, తనే. నెలల తరబడి ఫోన్ చేస్తే ఆ పాము గోలే కదా. గుడ్డు దొరికిందంట, పిల్లయిందంట, చేత్తో తినిపిస్తే తప్ప తినదంట. నాకేమో సగం అర్థమయ్యేది కాదు. తనకి మాత్రం అదొక లోకం."

"దొర గది ముందు పెట్టింది" అన్నాడు, నీ ఆడపడుచు నిర్వాకం విను అన్నట్టు.

"ఆఁ, అదే. మీ గది దగ్గరికి కిందనించి ఏవేవో వస్తాయంట కదా? గోడ కట్టేస్తే సరిపోయేది కానీ, వదినా, అన్నయ్యకి కాపలా పెడతాను అంది. అది అక్కడుంటే దొరని ఎవరూ ముట్టుకోలేరు అంది." చొక్కా తిప్పి వేసుకుంది. "ఫోన్ చేసి మాట్లాడొచ్చు కదే అన్నాను. నాకు మాట్లాడ్డం చేతకాదు వదినా, మాట్లాడితే ఏదో ఒకటి అనేస్తాను, ఇదైతే నోరెత్తక్కర్లేదు, అన్నయ్య చూసుకుంటాడు అంది. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. మీ రూలంట. ఇప్పుడు చూసేశారుగా, చెప్తే ఏమవుతుందిలే అని..."

తలెత్తింది. ఆయన మొహం చూసి పెట్టె పక్కన పెట్టేసింది.

"ఏం చేశారు?"

పళ్ళాయన కాళ్ళలో చెప్పులు దూర్చుకుని మెట్లు దిగేశాడు.

బస్సులో కూర్చున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. చిట్టి ఆ ఫైలు తెరవకూడదు. తను వెళ్ళేలోగా తెరవకూడదు. తెరిస్తే ఏం కనిపిస్తుందో ఇప్పుడు ఆయనకి అక్షరం అక్షరం తెలుస్తోంది. ఆ ఆటలో మహానాగాన్ని పిల్లగా ఉన్నప్పుడు ఎవరు సాకితే వాళ్ళ మాటే వింటుంది, వాళ్ళు కూడా దానికి అలాగే ముడిపడిపోతారు. గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది బొమ్మ చిట్టి. ఎర్ర అక్షరాల్లో వచ్చిన కబుర్లు దాని గురించే అయి ఉంటాయి. తిండి మానేసిందనో, మాట మానేసిందనో. అసలు ఉందో పోయిందో కూడా తెలీదు ఆయనకి. చదవలేదుగా. బస్సు ప్రతి మలుపులోనూ ఆగుతుంటే డ్రైవర్ని నాలుగు తిట్టాలనిపించింది. తిట్టాల్సింది ఎవర్నో తెలిసి ఊరుకున్నాడు.

అయితే ఒక దారి ఉంది. చిట్టి పంపిన పాత ఫైలు ఇంకా తన దగ్గరే ఉంది. అందులో పాము బతికే ఉంది. ఇప్పుడు పంపింది తెరవొద్దని ఏదో ఒకటి చెప్పి ఆపితే, ఇంటికెళ్ళి ఆ ఏడాదిని మళ్ళీ మొదట్నుంచి ఆడి, పామును పువ్వుల్లో పెట్టి చూసుకుని, ఆ ఫైలు పంపొచ్చు. చిట్టికి ఎప్పటికీ తెలియదు. రూళ్ళు పెట్టిన పెద్దమనిషి బస్సు దిగేలోపు రెండో రూలుకి నీళ్ళొదిలేశాడు.

దుకాణంలో ముందు భాగమంతా అద్దాలు, వాటి మీద కళ్ళజోళ్ళ ఫ్రేములు. ఎటు చూసినా తన మొహమే కనిపిస్తోంది, అది చూసుకోబుద్ధి కాలేదు. యజమాని గుర్తుపట్టి, లోపలుంది వెళ్ళండి అన్నాడు. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను తిరుగుతోంది, దాని మీద సన్నగా నీళ్ళు కారుతున్నాయి. చిట్టి దాని ముందు వంగి కూర్చుంది. జుట్టు ముందుకన్నా బాగా నెరిసింది. గుమ్మంలో నీడ పడేసరికి తలెత్తింది.

"అన్నయ్యా" అంది.

ఎంత మామూలుగా అందంటే, మధ్యలో రెండేళ్ళు గడిచినట్టే లేదు. పళ్ళాయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"కూర్చో. ఆ స్టూలు మీద పొడి ఉంటుంది, దులుపుకో" అంది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "పొద్దున చూశాను, ఫైలొచ్చింది. ఇంత తొందరగా పంపేశావేంటి? ఇంకా తెరవలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి తీరిగ్గా తెరుద్దామని."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తెరవలేదు.

"చూశావా?" అని అడిగింది చిట్టి.

"చూశాను."

"ఎలా ఉంది?"

"పెద్దది" అన్నాడు.

చిట్టి నవ్వింది. "పెద్దదే మరి. పిల్లగా ఉన్నప్పుడు చూడాల్సింది, వేలెడంత ఉండేది. ఎవరు పెట్టినా తినదు, బొమ్మ చిట్టే పెట్టాలి. చిట్టిని ఎన్నిసార్లు కరిచిందో. చచ్చిందే అనుకునేదాన్ని, మళ్ళీ లేచి గిన్నె పట్టుకుని పోయేది మొండిది. నువ్వు చూసేశావు కాబట్టి చెప్తున్నా, రూలు తప్పినట్టు కాదు." చేతులు తుడుచుకుంది. "మెడ దగ్గర పసుపు ఉంది చూడు, అది అన్నిటికీ ఉండదు. మనిషి చేతి తిండి తిన్నదానికే వస్తుంది."

"చిట్టీ, ఆ ఫైలు తెరవకు" అన్నాడాయన.

"ఏం?"

"పొరపాటున వేరేది పంపాను. సగంలో ఉన్నది. పూర్తి చేసి ఇంకోటి పంపుతా. అది తీసేయ్."

అంటూ చెవి తమ్మె పట్టుకున్నాడు. ఈయన చిన్నప్పట్నుంచి అంతే, అబద్ధం ఆడితే చెయ్యి చెవి మీదకి పోతుంది. వాళ్ళమ్మ అసలు మాట వినేదే కాదు, ఆ చెయ్యి చూసి లెక్క తేల్చేసేది. చిట్టి కూడా ఆ చెయ్యి వైపే చూసింది. మిషను ఆపేసింది. నీళ్ళు మాత్రం కాసేపు అలాగే కారాయి.

"చంపేశావా?" అంది.

ఆయన చెయ్యి కిందకి దించాడు. ఇంక దాచడానికి ఏం మిగల్లేదు.

"నేను... నువ్వు కోపంతో పెట్టావనుకున్నా. నేనన్న మాటకి జవాబనుకున్నా."

"'చూడు' నొక్కలేదా?"

"లేదు."

చిట్టి అరగదీస్తున్న అద్దాన్ని వెలుతురుకెత్తి చూసింది. చూసి మళ్ళీ కింద పెట్టింది. పళ్ళాయనకి ఆమె తిట్టాలని ఉంది. నోటికొచ్చినట్టు తిడితే బాగుండు, ఆ మాటకి ఈ మాట చెల్లు అయిపోను.

"ఎవర్నీ కరవలేదు కదా?" అంది.

"లేదు. ఒక్కర్ని కూడా."

"కరవదు" అంది చిట్టి. "పెంచడం ఏముంది, పెరుగుతుంది. కరవకుండా ఉండటం నేర్పడానికే అన్ని నెలలు పట్టింది."

పళ్ళాయన తల వంచుకున్నాడు. కంచం ముందు కూర్చుని తను అన్న మాట, ఆ గొంతుతో సహా, మళ్ళీ వినపడింది. ఆ మాట పట్టుకుని ఈ పిల్ల ఒక్కత్తే గదిలో కూర్చుని ఒక విషప్పామును ముందేసుకుని, కరవొద్దు, కరవొద్దు అని నేర్పుకుంటూ రెండేళ్ళు గడిపింది. నేర్చుకున్నాక తెచ్చి తన గుమ్మంలో పెట్టింది. ఇంతకన్నా ఏం చెప్పాలి ఎవరైనా?

"పాత ఫైలుంది చిట్టీ నా దగ్గర" అన్నాడు. "నువ్వు పంపిందే. వెనక్కి వెళ్దాం. రూలూ లేదు గీలూ లేదు. నేనే పెట్టాను, నేనే తీసేస్తున్నా. అసలు ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. తప్పు నాది. మొదట్నుంచీ నాదే."

అన్నాడు చివరికి. రెండేళ్ళ క్రితం గుమ్మం దగ్గర అనుంటే సంచీ కింద పెట్టేదేమో. పోయిన ఆదివారం అన్నా సరిపోయేది. చిట్టి విన్నది. వినలేదని కాదు. తల కూడా ఊపింది.

"వెనక్కెళ్తే పాము ఉంటుంది" అంది. "దాన్ని చూసినప్పుడల్లా, నువ్వు దాన్నేం చేశావో నాకు తెలిసే ఉంటుంది కదా. వద్దులే."

"చిట్టీ..."

"కోపం లేదు. నిజంగానే లేదు. నాకు ఇంక ఆడాలని లేదు, అంతే." గోడ మీద గడియారం చూసింది. "ఈ జత సాయంత్రంలోగా ఇవ్వాలి. ఎండ తగ్గాక వెళ్ళు, తలనొప్పి వస్తుంది నీకు. వదినని అడిగానని చెప్పు."

మిషను మళ్ళీ తిరిగింది. బయటికొచ్చి బస్సెక్కాక గాని ఆయనకి తట్టలేదు, గుమ్మంలో పిలిచిన ఆ ఒక్కసారి తప్ప మళ్ళీ అన్నయ్యా అనలేదని.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు మొదలయ్యాయి. బయటివాళ్ళెవరైనా చూస్తే అన్నాచెల్లెళ్ళు కలిసిపోయారనే అనుకుంటారు. చిట్టి అప్పుడప్పుడూ ఇంటికొస్తుంది, వదినకి కళ్ళజోడు తెచ్చిచ్చింది, ఈయనకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడుగుతుంది. ఎంత జాగ్రత్తగా మాట్లాడుతుందంటే, ఒక్క మాట కూడా ఎవరికీ గుచ్చుకోదు. వెనకటి చిట్టి అయితే ఈయన చొక్కా చూసి ఒకటి, పొట్ట చూసి ఒకటి అనేది. ఆ మాటల కోసం మొహం వాచిపోయింది పళ్ళాయనకి. కావాలని వంకర మాటలు అని చూశాడు, ఎదురు ఏదైనా అంటుందేమోనని. నవ్వి ఊరుకుంది.

పంపిన ఫైలు ఆమె తెరిచిందో లేదో ఆయన అడగలేదు. తన దగ్గరున్న కాపీలో బొమ్మ చిట్టి ఏమైందో చూడటానికీ ధైర్యం చాలలేదు.

పాత ఫైలు మాత్రం రోజూ సాయంత్రం పని ముగిశాక తెరుస్తాడు. తెరిచీ తెరవగానే కాలం ఆగే ఉంటుంది. ఆట ఎప్పుడూ అలాగే మొదలవుతుంది, మనం మీట నొక్కితే తప్ప కదలదు. పొలాల్లోవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఉంటారు. నడవాలో పాము ఉంటుంది. ఇప్పుడాయన 'చూడు' నొక్కుతాడు. వచ్చిందంతా చదువుతాడు, ఎన్నోసారో చదవడం. గుడ్డు ఎక్కడ దొరికిందో, ఎవరి చేతి తిండి తిన్నదో, ఎవరికి కాపలాయో. చదివాక ఆ బొమ్మనే చూస్తాడు. తోక దొర గడప మీద, తల గుహ వైపు. కరవడానికి వచ్చినదైతే తల తలుపు వైపు ఉండాలి. ఇది బయటికి చూస్తూ పడుకుంది. పైపన్ను కిందిపన్నుకి ఎక్కడ తగులుతుందో వెంట్రుకవాసిలో పట్టేసే మనిషికి, నడవా అంత పాము ఎటు తిరిగి ఉందో ఆ రోజు కనపడలేదు.

ఒక సాయంత్రం భార్య టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, తెర వైపు చూసింది. ఏదీ కదలడం లేదు.

"ఆడట్లేదా?" అంది.

"లేదు" అన్నాడు పళ్ళాయన. "చూస్తున్నా."